సమాధి మీద పొడుగు ఇంటిపేరు

ఇది రాసి పెట్టకపోతే, మలేసియాలోని ఈ బంటింగ్ శ్మశానంలో మన తెలుగువాళ్ళ సమాధుల మధ్య ఒక ఆఫ్రికా ఇంటిపేరు ఎందుకుందో మన పిల్లలకు చెప్పేవాళ్ళు ఉండరు. వాళ్ళు తెలుగు చదవరు. అయినా రాస్తున్నాను.

అతను నైజీరియా నుంచి వచ్చిన యొరుబా మనిషి. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని. మా ముందు గదిలో అద్దెకు ఉండేవాడు. అద్దెకు వచ్చిన రోజు ఇంటిపేరు చెబితే నాకు ఆశ్చర్యమేసింది. అది నాకు తెలిసిన పేరే. నేను ఆరో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు నేర్చుకున్నది క్లాంగ్ లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని. అక్కడ అదే ఇంటిపేరుతో ముగ్గురి పుస్తకాలు ఉన్నాయి. రెండు నవలలు, ఒక కవితల పుస్తకం. ముగ్గురూ ఇంగ్లీషులోనే రాశారు, పేరు మాత్రం కుదించుకోలేదు.

మనలో ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల కిందే లెక్క. అందుకని, "ఈ ముగ్గురూ మీవాళ్ళేనా?" అని అడిగాను.

అతను నవ్వాడు. మా తెలుగు చర్చికి వస్తూ నేర్చుకున్న ఒక్క తెలుగు మాటకు తన ఇంగ్లీషు కలిపి, "అక్కా, రాసేవాళ్ళంతా మా చుట్టాలైతే నేను సోఫాలెందుకు మోస్తాను?" అన్నాడు. డప్పు వాయించే వంశాల పేరట అది. వాళ్ళ దేశంలో చాలామందికి ఉందట.

ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర పడిపోయాడు. ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందన్నారు. నేను ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు రాలేదు. అన్నం దించాక ఇంకో పని కనబడలేదు, ఆ గది తుడిచాను.

వాళ్ళన్నయ్య ఫోన్‌లో దొరికాడు. శవాన్ని తెప్పించుకోలేమన్నాడు. ఒక్కటే అడిగాడు: సమాధి మీద మా ఇంటిపేరు పూర్తిగా రాయించండి, మా అమ్మ ఫొటో చూస్తుంది. సరేనన్నాను.

మా చర్చి పెద్ద, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, దానికి ఒప్పుకోలేదు. ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ అన్నాడు:

"అంత పొడుగు పేరు సిలువ మీద పట్టదు లా, సెల్లెమ్మా. బాప్తిస్మం పేరు రాసీస్తే సాలు."

"వాళ్ళమ్మ సూస్తాదని మాటిచ్చినాను అన్నయ్యా."

"మనోళ్ళ సమాధుల మీద ఇంటిపేర్లు ఉన్నాయేటి? మా తాత సమాధి మీదే లేదు."

మూడు పుస్తకాలూ ఆయన ముందు పెట్టి, అట్టల మీద పేరు చూపించాను.

"ఆళ్ళు ఈడికేటవుతారు?"

"ఏమీ అవరు. ఇంగ్లీషోళ్ళు ఇంత పేరూ అట్ట మీద అచ్చేసినారు. మనం సిమెంటు మీద రాయలేమా?"

ఆయన పుస్తకం తిరగేసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. టీ తెచ్చిన వదిన అక్కడే నిలబడింది.

"పెళ్ళంటే సాలు, ఇంటిపేరేటి ఇంటిపేరేటని అడిగి సంపేస్తావు," అంది మొగుడితో. "సావుకి అక్కర్లేదేటి?"

ఆయన టీ సగం తాగాడు. "అచ్చరాలు సిన్నయి సేయమను," అన్నాడు.

సిలువ అడ్డం చాలక, పేరు కింద దిమ్మె మీద రాశారు. ఫొటో తీసి పంపాను. అందిందని అతని అన్నయ్య జవాబిచ్చాడు. ఫొటోలో పేరంతా వాళ్ళమ్మ వేలితో తడుముతూ చదివిందట. అది విన్నప్పుడూ నాకేమీ అనిపించలేదు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టాను.

సాయపడినవాళ్ళ పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఒక్కో అక్షరం నాతో పలికించుకుని చెక్కిన మేస్త్రికి, గడువు దాటినా పుస్తకాలు నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రరీ అమ్మాయికి, గొయ్యి దగ్గర నాతో నిలబడిన ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి, ఒప్పుకున్న అన్నయ్యకి, ఒప్పించిన వదినకి నా వందనాలు.