కుర్చీ సారు గడ్డి కోసిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి అప్పుడే బయటికొచ్చాను మరి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా పాలమూరు వైపు హైవే పొడవునా ఫంక్షన్ గార్డెన్లు పుట్టుకొచ్చాయి. కొత్తకోట దాటాక అలాంటి ఒకదానిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. జనరేటరు, నీళ్ల మోటార్లు, స్టేజీ లైట్లు చూసుకోవాలి. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. (వాళ్లు నన్ను పరీక్షిస్తున్నామనుకున్నారు. నేనే వాళ్లను పరీక్షిస్తున్నానని నా నమ్మకం.) డాక్టర్లు స్టెతస్కోపు వేసుకున్నట్టు, కరెంటు కొలిచే మల్టీమీటరు వైర్లు మెడలో వేసుకుని తిరిగేదాన్ని. అన్నం తినేటప్పుడు కూడా తీసేదాన్ని కాదు. మా అవ్వ అది చూసి, నేను పెద్ద దవాఖానలో చేస్తున్నానని ఊరంతా చెప్పుకుంది. నేనూ కాదనలేదు.

ఆ గార్డెన్‌లో రెండెకరాల పచ్చిక ఉండేది. దాన్ని కోయడానికి ఓనరు హైదరాబాదులో ఎక్కడో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొనుక్కొచ్చాడు. చూడ్డానికి బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. కడుపు కింద బ్లేడు తిరుగుతుంది, పైన మనిషి కూర్చుని నడిపితే గడ్డి కోసుకుంటూ పోతుంది. దాన్ని నడిపే మనిషిని అందరం గడ్డి కాక అనేవాళ్లం. అచ్చంపేట దిక్కు నుంచి వచ్చినవాడు, మాట తక్కువ. ఆ బండిని రోజూ పొద్దున తువ్వాలుతో తుడిచి గానీ ఎక్కేవాడు కాదు. మా మేనేజరును మాత్రం కుర్చీ సారు అనేవాళ్లం (ఆయన వినకుండా). పొద్దున ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుంటే మళ్లీ ఇంటికి పోయేటప్పుడే లేచేవాడు. ఫైళ్లు, టీలు, తిట్లు తినాల్సినవాళ్లు, అన్నీ ఆయన దగ్గరికే నడిచి రావాలి. మనిషి ఎంత నిండుగా ఉండేవాడంటే, ఆయన కూర్చున్నాక కింద కుర్చీ ఉందన్న సంగతి నమ్మకం మీదే తప్ప కంటికి తెలిసేది కాదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. సరిగ్గా అప్పుడే కాకకు డెంగీ జ్వరం వచ్చి ఇరవై రోజులు సెలవు పెట్టాడు. గడ్డి పిక్కల దాకా పెరిగింది. శనివారం పెద్దింటి పెళ్లి ఉందనగా గురువారం పొద్దున కాక పనిలోకి వచ్చాడు. వచ్చీ రాగానే బండి తుడిచి, ఎక్కి, తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. కనీసం టక్కుమని కూడా అనలేదు. కబురు ఆఫీసుకు పోయింది. కాకనూ నన్నూ పిలిచారు.

"ఇరవై దినాలు మంచిగ నిలవడ్డ బండి నువ్వు ముట్టంగనే ఖరాబైందా?" అని కుర్చీ సారు కాక మీద లేచాడు (గొంతుతో మాత్రమే). "నీతోని కాకపోతె చెప్పు. చేతి మిషన్లోళ్లను కాంట్రాక్టుకు పెడ్త. నీ జాగల మనిషి దొరకడా?"

కాక తువ్వాలు మడతలు విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. నా చదువుకు తగిన సందర్భం ఇన్నాళ్లకు వచ్చింది. "సార్, ఇది ఎలక్ట్రికల్ ప్రాబ్లం. నాకిడిసిపెట్టుర్రి. అర్ధగంటల తేలుస్త" అన్నాను.

అర్ధగంటలో బ్యాటరీ చూశాను. పన్నెండు వోల్టులకు పైనే ఉంది, భేషు. ఫ్యూజు చూశాను, బాగుంది. స్టార్టరు మోటారుకు కరెంటు పంపే సోలినాయిడ్ మీద అనుమానం వచ్చి, దాని రెండు బోల్టుల మధ్య స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాను. నిప్పురవ్వలు లేచాయి, ఇంజను గర్రుమని ఒక చుట్టు తిరిగింది, నేను ఎగిరి వెనక నీళ్ల పైపు మీద కూలబడ్డాను.

"దెబ్బ తాకిందా బిడ్డా?" అని కాక పరుగెత్తుకొచ్చాడు.

"లేదు కాకా, గదంత టెస్టు" అన్నాను, లేవకుండానే.

అంటే మోటారు బాగుంది, తిరగమనే మాటే దాని దాకా చేరడం లేదన్నమాట. తాళం వేసే స్విచ్ ఊడదీసి తుడిచాను. బ్రేకు పెడలు దగ్గరి స్విచ్ చూశాను. సీటు కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటే అది నొక్కుకుంటుంది, అప్పుడే ఇంజను స్టార్టవుతుంది. మనిషి పొరపాటున కింద పడితే ఇంజను ఆగిపోతుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. సీటు ఎత్తి దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే, కరెంటుకు దారి ఉందని మీటరు కుయ్యిమంది. బాగుందని టిక్కు పెట్టుకున్నాను. కాక ఎక్కి తాళం తిప్పాడు, లేదు. నేను ఎక్కి తిప్పాను, లేదు. మధ్యాహ్నానికి బండి పేగులన్నీ గడ్డి మీద ఆరబెట్టి ఉన్నాయి. సాయంత్రానికి వాటిని తిరిగి లోపల పెట్టాను. ఒక చిన్న స్ప్రింగు వాషరు మిగిలింది. (అది ఎక్కడిదో ఈనాటికీ తెలియదు.)

శుక్రవారం పొద్దున రెండు పేజీల రిపోర్టు రాసి కుర్చీ సారు ముందు పెట్టాను. అందులో "సమగ్రంగా" అనే మాట నాలుగు చోట్ల ఉంది. వైరింగు మొత్తం పీకి కొత్తది వేయాలని, సామాను హైదరాబాదు నుంచి రావాలని, పది రోజులు పడుతుందని తేల్చాను.

"పది దినాలా? రేపు పెండ్లోళ్లు దిగుతుంటె పది దినాలా? గా గడ్డిల పామచ్చి పెండ్లికొడుకును కరుస్తె, నువ్వు గూసుంటవా పీటల మీద?" అని అరిచి, ఆయన ఎవరూ ఊహించని పని చేశాడు. లేచాడు. వంటపాకలో ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు కత్తిపీటలు వదిలి బయటికొచ్చి చూశారు. ఆయన ఎండలో నడిచి, బండి దగ్గరికి పోయి, "జరుగుర్రి, నేను జూస్త" అని సీటు మీద కూర్చుని, పెడలు తొక్కి, తాళం తిప్పాడు.

బండి బుర్రుమని లేచింది.

రెండు పేజీల రిపోర్టు నా చేతిలోనే ఉంది. కుర్చీ సారు మొహం వెలిగిపోయింది. "సూశిన్రా? మిషన్లకు గుడ భయముండాలె!" అంటూ కిందికి దిగాడు. దిగగానే ఇంజను ఆగింది. కాక ఎక్కాడు. చప్పుడు లేదు. సారు మళ్లీ ఎక్కాడు. బుర్రుమంది. "మీ ఇద్దరి చెయ్యి మంచిది గాదు" అని తీర్పు చెప్పాడు.

అప్పుడు పక్కన నిలబడ్డ కాక ప్యాంటు పైకి లాక్కున్నాడు. బెల్టుకు కొత్తగా మేకుతో పొడిచిన చిల్లులు మూడు కనిపించాయి. చివరి చిల్లుకు పెట్టినా ప్యాంటు నిలవడం లేదు. నేను మొదటిసారి ఆ మనిషి మొహం సరిగ్గా చూశాను. దవడలు లోపలికి పోయాయి, చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. సీటు కింద స్ప్రింగు బిరుసైనది. జ్వరంతో చిక్కిపోయిన కాక బరువుకు అది వంగడం లేదు, నా బరువును అసలు లెక్కే చేయడం లేదు. స్విచ్ ఎలా నొక్కుకుంటుంది?

"సార్, బండికి ఏం కాలే. సీటు మీద బరువు చాల్తలేదు. మీరు గూసుంటె చాల్తాంది" అన్నాను.

"అంటె నేను లావున్ననంటవా?"

"నేనంటలేను సార్. బండి అంటాంది."

వంటపాక దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మాట మార్చడానికి, "ఏం ఫికర్ లేదు, గా స్విచ్ వైర్లు రెండు కలిపేస్త, మనిషి లేకున్నా నడుస్తది" అని కటింగు ప్లయరు తీశాను. కాక నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా. మనిషి పడితె బ్లేడు ఆగాలె. ఇదివరకు నేను చేసిన జాగల ఒకాయన పాదం వోయింది. గట్లనే కలిపిర్రు." నేను ప్లయరు జేబులో పెట్టుకున్నాను. ఆ రెండు రోజుల్లో ఆ బండి గురించి ఎవరైనా చెప్పిన అసలైన మాట అదొక్కటే. డిప్లొమా నాది, మాట ఆయనది.

వంటపాక నుంచి బియ్యం బస్తా తెచ్చి కాక ఒళ్లో పెట్టి చూశాం. ఇంజను లేచింది గానీ బస్తా అడ్డొచ్చి స్టీరింగు తిరగలేదు. ఇంతలో పెళ్లికూతురి మేనమామ ఫోను, పచ్చిక ఫొటో పంపమని. కుర్చీ సారు ఫోను వంక చూశాడు, గడ్డి వంక చూశాడు, ఆడవాళ్ల వంక చూశాడు. ప్యాంటు మడిచి ఎక్కాడు.

తర్వాత మూడు గంటలు ఆ గార్డెన్‌లో జరిగింది పెళ్లికంటే పెద్ద సంబరం. కాక బండికి ఎదురుగా వెనక్కి నడుస్తూ, "ఎడమకు సార్, ఇంకింత, ఆగుర్రి, ఆగుర్రి!" అంటుంటే, తెల్ల సఫారీలో సారు "బ్రేకేడుందిరా కాకా!" అని అరుస్తూ ఫౌంటెన్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బంతిపూల వరస ఒకటి నున్నగా గొరిగేశాడు. దిగితే ఇంజను ఆగుతుందని దిగలేదు. సంతకం కావాల్సిన కాగితాలు పట్టుకుని నేనే పక్కన పరుగెత్తాను. అంతా అయ్యాక కాక "చాలు సార్" అంటే, "ఉండు, గా మూలకు జర ఉన్నది" అని ఇంకో చుట్టు వేశాడు. చివరికి దిగి, చెమట తుడుచుకుని, కాకతో, "గీ పని ఇంత కష్టమని నాకేం ఎరుక" అన్నాడు. కాంట్రాక్టు మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను కూడా ఉంచుకున్నారు. నూనె దిగడానికి వంటవాళ్లు నా రిపోర్టు మీద మిర్చి బజ్జీలు పరుచుకున్నారు. పెళ్లయిన తెల్లారి మెత్తటి స్ప్రింగు ఒకటి తెచ్చి సీటు కింద వేశాను, పది నిమిషాల పని.

అయితే ఆ రోజును తలచుకుంటే నాకు నవ్వొచ్చేది సారును చూసి కాదు. రెండు రోజులు ఆ బండిలోని ప్రతి వైరునూ పలకరించాను, ప్రతి స్విచ్చునూ అడిగి చూశాను. ఇరవై రోజులు జ్వరంతో పడుకుని వచ్చిన మనిషిని "ఎట్లున్నవ్ కాకా?" అని అడగాలని తోచలేదు. అడిగి ఉంటే గురువారం పొద్దున్నే తేలిపోయేది.

శుక్రవారం సాయంత్రం, కోసిన గడ్డి వాసన మధ్య గట్టు మీద కూర్చుని అడిగాను. "గిప్పుడడుగుతున్నవా బిడ్డా!" అని నవ్వి, కాక మొదలుపెట్టాడు. దవాఖాన, బొప్పాయి ఆకు రసం, పక్క మంచంలో పడ్డ మనిషి, చిన్న బిడ్డ ఏడుపు. మాట తక్కువ మనిషనుకున్నానే, ఎవరూ అడగలేదంతే. హైవే మీద మా ఊరి బస్సు ఆగింది, హారను కొట్టింది, వెళ్లిపోయింది. నేను లేవలేదు. మెడలో ఆ మీటరు వేసుకున్న పిల్ల నాకిప్పుడు ఎదురుపడితే రెండు మొట్టికాయలు వేస్తాను గానీ, ఆ బస్సు వదిలేసుకున్నందుకు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ తాగిస్తాను.