అత్తమ్మ లేని గది

మొన్న హబ్సిగూడలో కళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, ఎదుటి గోడ మీద ఒక బొమ్మ కనిపించింది. బూడిద రంగు గది. సామాను దాదాపు లేదు. నల్ల గౌనులో ఒకావిడ మనవైపు వీపు పెట్టి నిలబడి ఉంది, మెడ మీద మాత్రం కాస్త వెలుగు. పక్కన కూర్చున్న పెద్దాయన ఉండబట్టలేక, "గా బొమ్మల ఏమున్నదమ్మా, గంత సేపట్నుంచి సూస్తున్నవ్?" అన్నాడు. "ఏం లేదన్నా, కన్ను ఎంత మేరకు పనిచేస్తుందో సూస్కుంటున్న" అని తప్పించుకున్నాను. శుక్లం ముదిరిన కంటికి లోకమంతా ఆ బొమ్మలాగే ఉంటుంది కనుక అది పూర్తి అబద్ధమూ కాదు. కానీ ఆ బొమ్మను నేను ఎరుగుదును. కాలేజీలో చేరిన ఏడు, నాచారంలో మా మామ ఇంట్లో, ఒక పుస్తకంలో చూశాను.

మామ అంటే అమ్మకు తమ్ముడు. నాచారంలో అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల్లో ఒకదానిలో యంత్రాల నక్షాలు గీసే ఉద్యోగం. చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, వాటి మధ్య కొత్త రేకుల షెడ్లు. కోఠీలో నా చదువు కోసం అమ్మ నన్ను ఆయన ఇంట్లో దింపింది. అది వరసగా మూడు గదులున్న అద్దె ఇల్లు. నీలిమందు కలిపిన సున్నం గోడలు, కింద షాబాదు బండలు. వీధి తలుపులో నిలబడితే, ఒక తలుపులోంచి ఇంకో తలుపు, దానిలోంచి పెరటి వెలుతురు కనబడేవి. మామ ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన డెన్మార్క్ ఇంజనీరు ఒకాయన, తిరిగి వెళ్తూ తమ దేశపు చిత్రకారుడి బొమ్మల పుస్తకం ఇచ్చి పోయాడట. ఆ చిత్రకారుడు చాలా తక్కువ మాట్లాడేవాడట. కోపెన్‌హేగన్‌లో ఒక పాత వీధిలో మేడ మీద కాపురముండి, ఆ గదులనే, ఆ తలుపులనే, తన భార్య వీపునే ఏళ్ల తరబడి వేసి, గొంతు జబ్బుతో ముసలితనం రాకముందే పోయాడట. ఆ కథ చెప్పేటప్పుడు మామ ఎవరో దగ్గరి చుట్టం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. మామ కూడా మాటల మనిషి కాదు.

నేను రావడానికి ముందు ఏడే మామకూ అత్తమ్మకూ బిడ్డ పుట్టి పురిట్లోనే పోయింది. మళ్లీ కాన్పు కష్టమని దవాఖానాలో చెప్పారు. అప్పటి నుంచి అత్తమ్మ మాట తగ్గిపోయింది. అన్నం పెట్టేది, వాకిలి ఊడ్చేది, పని లేనప్పుడు నడిమింట్లో కిటికీ ముందు నిలబడి ఉండేది. మామ సుల్తాన్ బజారు నుంచి రంగులు తెచ్చి, చెక్క పలకల మీద ఆమెను వేయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ వెనక నుంచే. బియ్యం చెరిగే అత్తమ్మ వీపు, కిటికీ దగ్గర అత్తమ్మ వీపు, చేతిలో ఇత్తడి చెంబుతో అత్తమ్మ వీపు. పాలు పోసే యాదమ్మ ఒకరోజు పలకలన్నీ తిప్పి తిప్పి చూసి, "ఏంది సారూ, మా అమ్మకు మొకం లేదా? గింత సక్కని మొకం ఎవలికి దాస్తున్నవ్?" అని నిలదీసింది. మామ నవ్వి పలకలు మళ్లీ గోడకు ఆనించాడు. ఆమె పోయాక నేనూ అదే అడిగాను. బ్రష్షు తుడుచుకుంటూ, "మొకం దిక్కు సూస్తే నా చెయ్యి కదలది బిడ్డా. గా కండ్లు నన్నేమడుగుతున్నయో నాకెర్కే" అన్నాడు.

ఆ ఎండాకాలం అమ్మమ్మ వచ్చింది. వచ్చిన పని దాచుకునే మనిషి కాదు. అత్తమ్మ వడ్డిస్తుండగానే, "వంశం నిలవాలె కొడుకా. పిల్లను సూసిన. గీమెను ఎల్లగొట్టుమంటలేను, ఇద్దరూ ఉంటరు" అంది. మామ తల ఎత్తలేదు, అవుననలేదు, కాదనలేదు. అత్తమ్మ చేతిలో గరిటె కాసేపు అలాగే ఆగి, మళ్లీ కదిలింది. మర్నాటి నుంచి మామ ఫ్యాక్టరీ నుంచి రాగానే నడిమింట్లో కూర్చుని ఒక కొత్త పలక వేయసాగాడు. అది పూర్తయి గోడకు ఆనించి ఉన్న రోజు, మామ డ్యూటీకి పోయాక, ఊడుస్తూ ఊడుస్తూ అత్తమ్మ దాని ముందు ఆగింది. అదే కిటికీ, అదే వెలుగు, అవే బండలు. చీర లేని దండెం. కిటికీ ముందు ఎవరూ లేరు.

"గీ బొమ్మల నేనేడున్న?" అని నన్నడిగింది. నేను పలక దగ్గరికి వెళ్లేలోపే "తీసేసిండు" అంది తనే.

నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. అమ్మమ్మ పక్కింట్లో ఉంది. నేను బతిమాలుతూ ఉప్పల్ దాకా వెంట నడిచాను. వరంగల్ రోడ్డు మీద, నీడలేని చోట, ఆమె పుట్టింటికి పోయే భువనగిరి బస్సు కోసం నిలబడ్డాం. "మామ అట్ల అనలేదు కదా అత్తమ్మా, వచ్చినంక అడుగుదాం" అన్నాను. "నోటితోని చెప్పకపాయె, చేతితోని చెప్పిండు. ఇంగేమడగాలె?" అంది. బస్సెక్కాక నా వైపు చూడలేదు.

సాయంత్రం మామ వచ్చాక సంగతి చెప్పాను. గోడకు ఆనించిన పలకను తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టాడు. "గీ బొమ్మ నీకోసం గీసినమ్మా. గామె లేకుంటే నా ఇల్లు గిట్లుంటది, గిట్ల నేను బతకలేనని నీకు సూపెడ్దామనుకున్న" అన్నాడు. అమ్మమ్మ ఆ పలక వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "నోరున్నది కదరా నీకు! గా మాట నోటితోని చెప్తే నేను కాదంటుంటినా?" అని ఏడ్చేసింది. పెళ్లి ఊసు మళ్లీ ఎత్తలేదు.

మామ ప్రతి ఆదివారం అత్తమ్మ పుట్టింటికి పోయి అరుగు మీద కూర్చునేవాడు. బావమరుదులు మంచినీళ్లు ఇచ్చేవారు, అంతకుమించి పలకరించేవారు కాదు. అత్తమ్మ బయటికి వచ్చేది కాదు. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పింది. ఒక ఆదివారం తలుపు వైపు మొహం పెట్టి, ఎవరు వింటున్నారో కూడా చూడకుండా, "బిడ్డకు పేరు గూడ అనుకున్న. నీకు చెప్తే ఏడుస్తవని చెప్పకపోతి. నేనొక్కణ్ణే పిలుసుకుంటున్న" అన్నాడట. అప్పుడు తలుపు తెరుచుకుంది.

వానలు పడకముందే ఆమె నాచారం తిరిగి వచ్చింది. బొమ్మలు వేయవద్దని ఒక్కసారీ అనలేదు. మామే ఒకటి రెండుసార్లు రంగులు ముందు పెట్టుకుని, "వస్తలేదు" అని లేచిపోయాడు. ఆ తర్వాత ఆ ఇల్లు మామూలు ఇల్లయింది. ఉప్పు గురించి, రేడియో గురించి, నా కాలేజీ ఆలస్యం గురించి ఇద్దరూ వీధికి వినబడేలా వాదించుకునేవారు. అత్తమ్మ ఎప్పుడైనా కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడితే చాలు, మామ గాభరాగా ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఫ్యాక్టరీలో క్యాంటీను సంగతో, సైకిలు గొలుసు సంగతో. ఆమె వెంటనే తిరిగి చూసేది కాదు. ఆ బాధ వాళ్లను పూర్తిగా ఎన్నడూ వదిలిపోలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు మోయడం మాత్రం మానుకున్నారు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఆ పలకల్లో రెండు మా తమ్ముడి ఇంట్లో ఉన్నాయి. చూసినవాళ్లు ఇంత చెయ్యి ఉన్న మనిషి ఎందుకు మానేశాడని విచారిస్తారు. ఒక్కోసారి నాకూ అనిపిస్తుంది. కానీ వాళ్లు మాట్లాడుకుంటూ, పోట్లాడుకుంటూ గడిపిన ఆ తర్వాతి ఏళ్లకు గుర్తుగా ఎవరికైనా చూపిద్దామంటే నా దగ్గర ఏమీ లేదు. బాగా బతికిన కాలం అలాగే పోతుందేమో, గోడకు మేకు గుర్తు కూడా వదలకుండా.