బళ్ళో యాభై ఆరు, ఇంట్లో యాభై నాలుగు

నేను మూడో తరగతి చదివే రోజుల్లో... పొద్దువాలితే చాలు, మా అరుగు మీద ఎక్కాల మోత మొదలయ్యేది. కొత్తపేట పక్కన పల్లెటూరు మాది. మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, కొబ్బరాకులు ముందేసుకుని చీపురుపుల్లలు తీస్తూ కూర్చునేది. నేను ఎదురుగా మఠం వేసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ అప్పజెప్పాలి...

ఏడొకట్ల ఏడు... ఏడ్రెళ్ళు పధ్నాలుగు...

మామ్మ బడి మెట్టెక్కిన మనిషి కాదు. అయినా పదో ఎక్కం దాకా నోటికి వచ్చు. పుల్ల తీసే చెయ్యి ఆగకుండానే నా తప్పులు పట్టేసేది. ఆవిడకి తెలియని లెక్క లోకంలో ఉండదని నా నమ్మకం.

ఓ రోజు బళ్ళో మాస్టారు నన్ను లేపి ఏడెనిమిదులు ఎంత అని అడిగారు. తడుముకోకుండా "యాభై నాలుగండి" అన్నాను. ఆయన చెవి మెలేసి, యాభై ఆరు అని పదేపదే అనిపించారు.

సాయంత్రం అదే అప్పజెపితే మామ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు చెప్పేరే?"

"మాస్టారు."

"అంతమంది పిల్లల గోలలో పాపం ఆయనకి పొరపాటొచ్చుంటుంది. యాభై నాలుగే. చెప్పు."

చెప్పాను. చెప్పకపోతే కొబ్బరి లౌజు పెట్టదు మరి...

ఆ రోజు నుంచి కాలవ వంతెన దాటి బడి వైపు వెళ్తే యాభై ఆరు. తిరిగి ఇటు దాటితే యాభై నాలుగు. వంతెన మీద నడుస్తూ అంకె మార్చుకునేదాన్ని. అలా కొన్నాళ్ళు బాగానే గడిచింది.

బడి వార్షికోత్సవానికి పందిరి వెయ్యాలి, కొబ్బరాకులు కావాలి అని మాస్టారు ఓ సాయంత్రం సైకిలేసుకుని మా ఇంటికొచ్చారు. సరిగ్గా అప్పుడే నేను ఏడో ఎక్కం ఎత్తుకున్నాను. ఆయన్ని చూసి నోరు పడిపోయింది.

"ఆగిపోయేవేంటే? మాస్టారుగారు కూడా వింటారు, చెప్పు," అంది మామ్మ మురిసిపోతూ.

ఏడార్లు నలభై రెండు దాకా వచ్చాను. ఏడేళ్ళు నలభై తొమ్మిది అని ఇద్దరి వైపూ చూశాను. ఇటు మామ్మ, అటు మాస్టారు. ఇద్దరూ నవ్వుతూ, చెప్పు చెప్పు అన్నట్టు తలలూపుతున్నారు...

"ఏడెనిమిదులు... బళ్ళో యాభయ్యారండి... ఇంట్లో యాభై నాలుగండి," అని ఏడుపు లంకించుకున్నాను.

"యాభయ్యారండి, మామ్మగారూ," అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"ఆయ్... యాభై నాలుగండి, మాస్టారుగారూ," అంది మామ్మ అంతకంటే నెమ్మదిగా.

మర్యాదలో ఇద్దరూ తగ్గలేదు. లెక్కలోనూ తగ్గలేదు.

చివరికి మాస్టారు పెరట్లో కొబ్బరికాయల రాశి దగ్గరికెళ్ళి, చొక్కా చేతులు మడిచి, వరసకి ఎనిమిది చొప్పున ఏడు వరసలు పేర్చారు. మామ్మ వంగి ఒక్కో కాయా తాకుతూ లెక్కపెట్టి, నడుం పట్టుకుని లేచింది.

"యాభై నాలుగండి."

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. తను లెక్కపెట్టారు, యాభై ఆరు. మామ్మ మళ్ళీ లెక్కపెట్టింది, యాభై నాలుగు. ఇక ఆయనా వంగి ఆవిడ వెనకాలే నడిచారు. అప్పుడు బయటపడింది.

"ఈ రెండూ వదిలేసేరేంటండి?"

"అయ్యి మొలకొచ్చేసినయ్యండి. మొలకొచ్చినయ్యి కాయల్లో లెక్కెట్టరండి."

మాస్టారు ఆ మట్టిలోనే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత ఆ రెండూ తీసేసి మంచి కాయలు పెట్టారు. మామ్మ లెక్కపెట్టింది... చివరి కాయ మీద చెయ్యి పెట్టేసరికి యాభై ఆరు.

"మా అన్నయ్యలు అరుగు మీద చదువుకునేవోరండి," అంది, కాయ మీంచి చెయ్యి తియ్యకుండానే. "నేను తలుపు చాటునుంచి వినేదాన్ని. ఏడో ఎక్కం ఇక్కడికొచ్చేసరికి, పొయ్యిలో పుల్లలెట్టమని మా అమ్మ పిలిచేసేదండి. ఏడేళ్ళ దాకానే వినపడేది. ఆ తరవాతది నేనే అనేసుకున్నాను."

మాస్టారు నవ్వడం ఆపేశారు. లేచి మట్టి దులుపుకున్నారు.

"అయితే నేను చెప్తానండి. నా వెనకాల అనండి, మామ్మగారూ."

మామ్మ కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఏడెనిమిదులు యాభై ఆరు అని ఆయన అంటే... పక్కింటివాళ్ళకి వినపడేంత గట్టిగా అంది. ఆ గొంతులో సిగ్గు లేదు. ఏదో సంబరం.

ఇప్పుడు మా అబ్బాయి ఎక్కాలు ఫోన్లో నేర్చుకుంటున్నాడు. తప్పు చెప్తే అదే దిద్దేస్తుంది, క్షణంలో. వాడికి ఒక్క అంకె కూడా పొల్లుపోదు... కానీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది.

మీకు ఎక్కాలు నేర్పిందెవరు? ఎక్కడికొచ్చేసరికి నోరు తడబడేది? తీరిగ్గా రాయండి... అన్నీ చదువుకుంటాను.