యూనిఫాం స్వామి

మదనపల్లెలో నేను నడిపేది పార్సిల్ ఆఫీసు. కంపెనీ బెంగళూరుది. పేరు వాళ్ళది, బండి నాది, జనం తిట్టే తిట్లు నావి. ఫ్రాంచైజీ అంటే ఇంతేనని నాకు మొదటి నెలలోనే అర్థమైపోయింది. పుంగనూరులో ఇదే కంపెనీ ఆఫీసును మా పిన్నికొడుకు, అంటే మా తమ్ముడు, నడుపుతాడు. కుప్పంలో నడిపేది మా ఇద్దరికీ ఏ వరసా కాని ఒక పెద్దాయన, మేమిద్దరం ఆయన్ని అన్నా అంటాం. మా మూడు బళ్ళూ, మనుషుల చొక్కాలూ మొదట్లో గోధుమరంగులో ఉండేవి. దుమ్ము పడినా తెలిసేది కాదు, టీ ఒలికినా తెలిసేది కాదు. అంతకంటే మంచి రంగు ఉంటుందని మేమెవరమూ అనుకోలేదు.

కంపెనీ అనుకుంది. ఒక ఎండాకాలం బెంగళూరు నుంచి ఒక కుర్ర ఆఫీసరు దిగి, మా ముగ్గురినీ పుంగనూరులో ఒక హోటల్ మేడమీది గదిలో కూర్చోబెట్టాడు. ల్యాప్‌టాప్ తెరిచి, ఇకమీదట బళ్ళకూ యూనిఫాంలకూ కొత్త రూపం వస్తుందని, గుర్తు దేశమంతా ఒకటేనని, రంగు మాత్రం ఏ ప్రాంతం వాళ్ళు ఆ ప్రాంతానికి ఎంచుకోవచ్చని చెప్పాడు. చెప్పి, మేం సంతోషిస్తామేమోనని మా మొహాలు చూశాడు.

మొదట పసుపు చూపించాడు. మా తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

"వద్దు సార్. ఈ రంగు బండి వచ్చిందంటే సగం ఊరు తలుపు తియ్యదు."

నీలం చూపించాడు. ఈసారి కుప్పం అన్న లేచాడు.

"దీనికి ఆ మిగతా సగం తియ్యదు సార్."

ఆకుపచ్చ, ఎరుపు, కాషాయం వరసగా వచ్చాయి. ప్రతిదానికీ ఎవరో ఒకరు సొంతదారులు తేలారు. తెలుపు చూపిస్తే, శవాలను తీసుకుపోయే బండి అనుకుంటారని నేనే వద్దన్నాను. ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు.

"మీ ఊళ్ళల్లో రంగులకు కూడా పట్టాలిచ్చారా మేడం?"

"ఇయ్యలేదు సార్, ఆక్రమించుకున్నారు" అన్నాను.

చివరికి తెరమీద మిగిలింది నలుపు. అది ఏ పార్టీదీ కాదు, ఏ సంఘానిదీ కాదు. నలుపు ఎవరిదీ కాదు సార్ అని గట్టిగా చెప్పింది నేనే. ముగ్గురమూ చప్పట్లు కూడా కొట్టాం. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ ఏటేటా అయ్యప్ప మాల వేసేవాళ్ళున్నారు. నల్లబట్టలు ఉతికి ఆరేసే తీగలు మా పెరళ్ళలోనే ఉన్నాయి. అయినా నడి ఎండాకాలంలో ఒక్కరికంటే ఒక్కరికి కార్తీకమాసం గుర్తుకు రాలేదు.

బళ్ళు నల్లబడ్డాయి. నల్లచొక్కా, నల్లప్యాంటు, మెడలో దేశమంతా ఒకటేనన్న కాషాయరంగు తాడుతో గుర్తింపు కార్డు వచ్చాయి. ఎండకు ఆ బండి లోపల ఒక పుట్టినరోజు చాక్లెట్ల పెట్టె పాయసమైంది. అందుకున్నావిడ గ్లాసు తెచ్చుకోమంటారా అని అడిగింది. అది మినహా అంతా బాగానే ఉందనుకున్నాం.

ఇక్కడ మా డ్రైవరు గురించి చెప్పాలి. అతనిది బి.కొత్తకోట దగ్గర పల్లె. వాళ్ళ నాయన ఒకరి చేలల్లో చెనక్కాయలు పీకి బతికాడు. ఇతను స్టీరింగ్ పట్టుకున్నాడు. మదనపల్లె సందుల్లో అతను బండి తిప్పుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళకు నిద్ర వస్తుంది, అంత నెమ్మది. కానీ పొద్దు గూకితే వైన్‌షాపు దారి పట్టేవాడు. ఒకరోజు తాగి, బండిని టమాటా మార్కెట్లో నిలిపి అందులోనే పడుకున్నాడు. అక్కడి హమాలీలు లోడుకొచ్చిన బండే అనుకుని వెనక తలుపు తీసి క్రేట్లు సర్దేశారు. పొద్దున మేం పార్సిళ్ళు వెతుకుతుంటే టమాటాలు దొరికాయి. అటు ఆ టమాటాల రైతు మా ఆఫీసు ముందర, ఇటు మా పార్సిళ్ళ జనం ఫోన్లలో. ఆ రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇంకొక్కసారి తాగినట్టు తెలిస్తే తాళాలు బల్లమీద పెట్టి పొమ్మని చెప్పేశాను.

మర్నాడు అతని భార్య వచ్చింది. ఆమె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల దగ్గర పనిచేస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు. బతిమాలలేదు, ఏడవలేదు. ఒక్కటే మాట చెప్పింది.

"పని ఉంటే ఆయప్ప సాయంత్రమే తాగుతాడమ్మా. పని పోతే పగలు గూడా తాగుతాడు."

ఆ మాట నన్ను వదల్లేదు. అతన్ని పనిలో ఉంచుకోవాలంటే అతను తాగకూడదు. అతను తాగకుండా ఎట్లా ఉంటాడో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

కార్తీకం వచ్చింది. మాల వేసినవాళ్ళు ఈ కాలంలో నల్లప్యాంటు, నల్లచొక్కాతోనే ఉద్యోగాలకు పోతున్నారు కదా. మొదటిరోజే ఒక ఇంటావిడ మా డ్రైవరును చూసి గేటు దగ్గరే ఆపేసింది.

"సామీ, ఆడే ఉండండి. లోపల కోడికూర ఉడుకుతాండాది. నేనే వస్తా."

"నేను సామిని కాదమ్మా, పార్సిలోడిని" అన్నాడట ఇతను.

"అయ్యో, ఎంత వినయం సామీ" అని ఆమె చెంపలేసుకుందట.

ఆ రోజు నుంచి మా ఆఫీసుకు ఫిర్యాదులు ఆగిపోయాయి. పార్సిల్ మూడురోజులు ఆలస్యమైనా స్వామి శరణం అంటారే తప్ప నోరెత్తరు. పగిలిన అద్దం అందుకున్న ఒకాయన, దిష్టి పోయింది లెండి అన్నాడు. మా డ్రైవరు నలభై దాటినవాడు. అంతకుముందు కాలేజీ పిల్లలు కూడా అతన్ని ఏమిరా అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు మేడమీది నుంచి ముసలివాళ్ళు దిగివచ్చి, మీకెందుకు స్వామీ మెట్లెక్కే శ్రమ అంటున్నారు. బస్టాండు వెనక ఒక కుర్రాడైతే పరీక్ష హాల్‌టికెట్టు అతని చేతుల్లో పెట్టి, కాళ్ళకు మొక్కి మరీ తీసుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వైన్‌షాపులో తగిలింది. మర్నాడు పొద్దున వచ్చి నాకు తనే చెప్పుకున్నాడు, మొహం ఇంత చేసుకుని.

"డబ్బులు పెట్టినానమ్మా. వాడు చేతులు జోడించేసినాడు. సామీ, ఈ పాపం నాకు అంటగట్టొద్దు, జ్యోతి చూసొచ్చినాంక రండి అంటాడు. ఒరే, నేను మాల ఎయ్యలేదురా, ఇది యూనిఫాం అంటే, అందరూ ఇట్లే అంటారు సామీ అన్నాడు!"

అతను పక్కసందులోకి పోయి చొక్కా విప్పి బనియన్‌తో మళ్ళీ వచ్చాడట. అది ఇంకా పెద్ద తప్పయిపోయింది. మాల తీసి తాగుతావా అని అక్కడ తాగుతున్నవాళ్ళందరూ గ్లాసులు పట్టుకునే అతనికి బుద్ధి చెప్పారట. తూలుతున్న ఒకాయన, నీలాంటివాళ్ళ వల్లే వానలు పడటం లేదని ఏడ్చాడట కూడా.

"నాకు వేరే రంగు చొక్కా ఇయ్యమ్మా" అన్నాడు మా డ్రైవరు.

నేను కంపెనీ పంపిన బ్రాండ్ పుస్తకం తీశాను. అప్పటిదాకా దాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేదాన్ని. డ్యూటీలో ఉన్నంతసేపూ యూనిఫాం విప్పరాదని అందులో రాసుంది. ఇంటికి పోయేదాకా డ్యూటీయే అని నేను కలిపాను. ఇక ఇంట్లో సంగతి అతని భార్య చూసుకుంది. రోజూ సాయంత్రం అతను వచ్చేసరికి మిగతా చొక్కాలన్నీ బకెట్లో నానబెట్టేసేది. ఎందుకని అడిగితే, సామి ఉండే ఇల్లు శుద్ధిగా ఉండాల కదా అనేదట. ఇరుగుపొరుగు చూస్తారని తెల్లవారుజామున చన్నీళ్ళు కూడా పోసుకోవాల్సి వచ్చింది పాపం. మాల వేసినవాడి కష్టాలన్నీ అతనికి వచ్చాయి. శబరిమల పోయే పుణ్యం మాత్రం లేదు.

మిగతా ఇద్దరి బాధలు వేరు. పుంగనూరులో మా తమ్ముడి బండి సదుం రోడ్డులో ఆగితే, ఇరుముడులు పెట్టుకున్న స్వాములు పదిమంది శరణుఘోష చెప్తూ ఎక్కి కూర్చున్నారు. ఇది పార్సిల్ బండి అంటే, మేమూ అయ్యప్పకు పార్సిళ్ళమే కదా స్వామీ అన్నారట. పలమనేరులో బస్సెక్కిస్తామని ఒప్పించి దింపాల్సి వచ్చింది. కుప్పంలో పెద్దాయన బండికి రోజూ ఎవరో ఒకరు కొబ్బరికాయ కొడుతున్నారు. ఆయన మనుషులు దొరికిన ఇంట్లో దొరికినట్టు భిక్ష తిని, బెల్టు రంధ్రాలు చాలక మా తమ్ముడికి ఫోన్ చేసి పెద్ద సైజు ప్యాంట్లు ఉన్నాయా అని అడిగారు.

బెంగళూరులో మాత్రం సంబరం. రాష్ట్రంలో ఇంత మర్యాదగా మాట్లాడే కస్టమర్లు ఎక్కడా లేరట. ఏం చేశారు మేడం అని ఆఫీసరు ఫోన్‌లో అడిగితే, సేవ అన్నాను.

ఆ సంబరం జ్యోతి దాకా కూడా నిలవలేదు. కంపెనీలో ఎవరో కొత్తగా వాటా కొన్నారని, వాళ్ళకు ప్రాంతానికొక రంగు నచ్చలేదని, ఇకమీద అందరిదీ సిమెంటు రంగేనని కబురొచ్చింది. మా తమ్ముడూ కుప్పం అన్నా బతికిపోయామన్నారు. మా డ్రైవరు భార్య మగ్గం వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఈ రెండు నెలలు నా బిడ్డలు వాళ్ళ నాయన పక్కన కూసోని తిన్యారమ్మా. ఆ సొక్కా మార్చొద్దని సెప్పమ్మా వాళ్ళకు."

అప్పటికప్పుడు ఆఫీసరుకు ఫోన్ చేసి, ఒక్క చొక్కా, ఒకే ఒక్కటి, నల్లగా ఉండనిమ్మని అడిగాను. కుదరదన్నాడు. యూనిఫాం లేనివాళ్ళను పనిలోంచి తీసెయ్యాలని కొత్త రూలు కూడా వచ్చిందన్నాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను.

సిమెంటు చొక్కాలు వచ్చిన మొదటిరోజు నాకు భయం వేసి, నేనూ బండెక్కి అతని పక్కన కూర్చున్నాను. బస్టాండు వెనక ఇంటి దగ్గర ఆగాం. తలుపు తీసింది ఆ హాల్‌టికెట్టు కుర్రాడే.

"ఏమిరా, ఎన్నిసార్లు ఫోన్ చేసేది నీకు?" అన్నాడు.

మా డ్రైవరు సంతకం పెట్టించుకుని వచ్చి కూర్చున్నాడు. బండి స్టార్ట్ చెయ్యలేదు. నవ్వడానికి చూశాడు గానీ రాలేదు.

"అంగడోడు ఇయ్యకపోయినందుకే తాగకుండా ఉండానని అనుకున్యానమ్మా ఇన్నాళ్ళు. కాదమ్మా. అంతమంది మీరు మీరు అంటాంటే, తాగేదానికి నాకే ఎట్లనో ఉండె. ఇప్పుడు ఇస్తాడు వాడు. ఈ సొక్కాకు ఎవురైనా ఇస్తారు."

దిగిపోయి ఆ కుర్రాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పోనియ్యప్పా అన్నాను. అది ఆ కుర్రాడిని గురించో, బండిని గురించో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున తాళాలు బల్లమీద పెట్టి పోతాడేమోనని గుబులుగా కూర్చున్నాను. అతను వచ్చాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చేసిన పాత నల్లచొక్కాలో ఉన్నాడు.

"ఇదేందప్పా?"

"సిమెంటు సొక్కాను గూడా నానబెట్టేసిందమ్మా" అన్నాడు. "నేనూ పిండమనలేదు."

అట్లా నెలలు గడిచాయి. శబరిమల పోయినవాళ్ళందరూ తిరిగొచ్చి మాలలు తీసేశారు. మామిడికాయలు వచ్చాయి. ఊరంతటిలో నల్లచొక్కా అతనొక్కడే. ఇంకా తియ్యలేదా స్వామీ అని జనం అడుగుతూనే ఉన్నారు, మీరు అంటూనే ఉన్నారు. వైన్‌షాపువాడు ఇప్పుడు మరీ భయపడుతున్నాడట, ఇంత పొడుగు దీక్ష వాడెప్పుడూ చూడలేదు.

మే నెలలో ఆఫీసరు తనిఖీకి దిగాడు, చెప్పాపెట్టకుండా. బండి చూశాడు, బోర్డు చూశాడు, చివరికి మా డ్రైవరును చూశాడు.

"మేడం, ఈయన యూనిఫాం ఏది?"

రూలు నాకు తెలుసు. ఆ ఇంట్లో అన్నం ముందు కూర్చునే ఇద్దరు పిల్లలూ తెలుసు. మన దగ్గర దీక్షలో ఉన్నవాడిని పోలీసులు కూడా గట్టిగా మాట్లాడరు. నోటికి వచ్చిన అబద్ధం ఆడేశాను.

"ఆయన దీక్షలో ఉన్నాడు సార్."

ఆఫీసరు చటుక్కున చేతులు జోడించాడు. బూట్లు విప్పాలా వద్దా అని ఒక క్షణం కిందికి చూసుకున్నాడు కూడా.

"ఈ ఎండల్లో దీక్షా? ఎన్ని రోజులు స్వామీ?"

మా డ్రైవరు నా వైపు చూడలేదు. రెండు చేతులూ ముందుకు కట్టుకుని, ఆఫీసరుకే నెమ్మదిగా చెప్పాడు.

"లెక్క లేదు సార్. ఈ రోజుకైతే ఉండాను."