మనీలా దొర నేర్పని పాఠం

ఇప్పటి పిల్లలు పాట నేర్చుకోవాలంటే గురువు ముందు బుద్ధిగా చాప వేసుకుని కూర్చుంటున్నారు. మా కాలంలో మదనపల్లెలో పద్యం పాడే ప్రతివాడూ పుట్టుకతోనే గొప్పవాడు. ఆ గొప్పతనానికి కొలత ఒకటే, రాగం ఎంతసేపు లాగాడన్నది. పద్యం చివరి అక్షరాన్ని పట్టుకుని ఊపిరి ఉన్నంత దూరం పోవాలి, జనం 'వన్స్ మోర్' అని కేకలు వేయాలి, అప్పుడు చచ్చిపోయిన పాత్ర అయినా సరే లేచి కూర్చుని మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. (నాకు చచ్చిపోయే వేషాలు ఇవ్వలేదు కాబట్టి ఆ అదృష్టం పట్టలేదు.) ఇంకో ఆచారం కూడా ఉండేది. ఒకరి పాటలోని కిటుకు ఇంకొకరు నోరు తెరిచి అడగకూడదు. అడిగితే చెప్పరు, చెప్పినా తప్పు చెబుతారు. పక్కన నిలబడి, చూసి, దొంగిలించుకోవాలి. నా కథంతా ఈ దొంగతనం వల్లే వచ్చింది.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కరువు కాబట్టి మా నాటకాలు తెల్లవార్లూ సాగకుండా, ఎండ తగ్గగానే మొదలై దీపాలు పెట్టే వేళకు ముగిసేవి. మైకు అనే వస్తువును బెంగుళూరు పోయి వచ్చినవాళ్ళ మాటల్లో వినడమే తప్ప కళ్ళతో చూడలేదు. మా కంపెనీ యజమానిని అందరం మీసాలయ్య అనేవాళ్ళం. ఆ మీసాలు తీయడానికి ఒప్పుకోక జన్మంతా రాక్షస వేషాలే వేసిన మనిషి. ఆయన నన్ను నమ్మి, రాజ్యం పోగొట్టుకుని అడవిలో భార్యను వదిలివెళ్ళే రాజు వేషం ఇచ్చాడు. పుంగనూరులో మొదటి ఆట. నిద్రపోతున్న భార్యను చూస్తూ పద్యం ఎత్తుకున్నాను, రాగం లాగాను, లాగుతూనే ఉన్నాను. హార్మోనిస్టు ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి తన వేళ్ళు చూసుకున్నాడు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటుండగా గొంతు పగిలి, మెడ పట్టుకున్న కోడిపుంజులా ఒక కూత వచ్చింది. జనం సంగతి సరే, అడవిలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోవలసిన నా భార్య దుప్పటి కింద ఎగిరెగిరి నవ్వింది.

ఆట అయిపోగానే మీసాలయ్య నన్ను పిలిచాడు. "ఒరే, కుప్పంలో సంతనాడు ఆట ఉండాది. ఆడ నీకు ఒక్క వన్స్ మోర్ రాలేదంటే, నేరుగా పోయి మీ నాయన దుకాణంలో బెల్లం తూకమెయ్యి. నాకు కోళ్ళు వద్దు" అన్నాడు. ఈ సంగతి మదనపల్లెకు నాకంటే ముందే చేరింది. మా నాయన దుకాణంలో తన పక్కన నాకొక కొత్త పీట వేయించాడు. ఒకసారి దాని మీద కూర్చుంటే ఇక లేవనని నాకు తెలుసు.

నన్ను ఆదుకున్నది దర్జీ సాయిబు. మా కంపెనీకి జరీ కోట్లు కుట్టేదీ అతనే, ఊరి బయట క్షయ ఆసుపత్రిలో రోగులకు చొక్కాలు కుట్టేదీ అతనే. సోల్జర్లుండే బెంగుళూరు దండులో కొన్నేళ్ళు పనిచేశాడు కాబట్టి ఇంగ్లీషు మాట్లాడేవాడు. "అరే భాయ్, గొంతు రిపేరు కావల్లంటే నాతో రా. ఆస్పత్రిలో పాటలు పాడే దొర ఒకడు ఉండాడు. దొరంటే తెల్లదొర కాదప్పా, మన మాదిరే ఉంటాడు. మనీలా అంట, సముద్రాలు దాటి యాడో ఉండాది. వాళ్ళ దేశంలో బయస్కోపులో హీరో!" అన్నాడు.

వరండాలో వరసగా మంచాలు. చివరి మంచం మీద సన్నగా, చామనచాయగా ఒకాయన. ఆసుపత్రిలో కూడా తలకు నూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు. మమ్మల్ని దూరంగా బెంచీ మీద కూర్చోబెట్టారు. సాయిబు అడుగుతుంటే ఆయన తన బతుకు చెప్పాడు, సాయిబు నాకు తెలుగులో చెప్పాడు. వాళ్ళ అమ్మ చర్చి గుమ్మం ముందు బియ్యప్పిండి, కొబ్బరి కలిపి అట్లు కాల్చి అమ్మేదట. (అది విన్నాక నాకు ఆయన పరాయిదేశం మనిషి అనిపించలేదు.) చర్చిలో పాడుతూ, మూకీ బొమ్మల రోజుల్లో రీలు మార్చే మధ్యలో తెర ముందు నిలబడి పాడుతూ పెరిగాడు. తర్వాత పాటల నాటకాలు, టాకీలు వచ్చాక హీరో వేషాలు. తెల్ల సూటు వేసుకుని, కాగితపు చందమామకు ఆనుకుని నిలబడిన ఫోటో చూపించాడు. ఒక బ్యాండుతో ఓడెక్కి కలకత్తా వచ్చి, బెంగుళూరులో సోల్జర్లకు పాడుతుండగా వాళ్ళ దేశాన్ని జపాను వాళ్ళు పట్టుకున్నారు. ఇంటికి దారి మూసుకుపోయింది, ఉత్తరాలు ఆగిపోయాయి, ఆపైన ఈ దగ్గు. అమ్మ ఉందో లేదో తెలియదని ఆయన నవ్వుతూనే చెప్పాడు. సాయిబు మాత్రం ఆ మాట తెలుగులో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు.

తర్వాత మమ్మల్ని ఊరికే పంపడం ఇష్టంలేక, వాళ్ళ భాషలో జోలపాట ఒకటి పాడాడు. పాడాడు అనడం కంటే, చెవిలో చెప్పాడు అనాలి. అంత మెల్లగా ఉంది. చేయి పక్కటెముకల మీద ఆనించి, కళ్ళు సగం మూసి, రెండు ముక్కలకొకసారి ఆగి, చిన్నచిన్న ఊపిరి తీసుకుంటూ పాడాడు. పక్క మంచం రోగి తన దగ్గు ఆపుకున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకుండానే నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇదీ అసలు విద్య, మేం ఇన్నాళ్ళూ అరిచాం అనుకున్నాను. సాయిబు చొక్కాలు తీసుకుపోయిన ప్రతిసారీ వెంట పోయి, ఆ చేయి, ఆ కళ్ళు, ఆ ఆగడం, అన్నీ దొంగిలించాను. "దొరని అడగరాదా భాయ్?" అన్నాడు సాయిబు. అడిగితే చెబుతాడా ఎవడైనా! ఇంట్లో సాధన చేస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి, "యాలరా నాయనా గొణుగుతాండావు? కడుపులో నొప్పా?" అని వాము పట్టుకొచ్చింది. నేను లెక్కచేయలేదు. ఆమెకేం తెలుసు మనీలా సంగతులు!

కుప్పం సంత. పశువులు అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు, మూడు భాషల్లో బేరాలు ఆడి ఆడి గొంతులు రాసుకుపోయినవాళ్ళు, అందరూ మా ఆటకే వచ్చారు. అడవి రంగం వచ్చింది. చేయి పక్కటెముకల మీద పెట్టి, కళ్ళు సగం మూసి, పద్యాన్ని చెవిలో చెప్పినట్టు ఎత్తుకున్నాను. "ఏమంటాండాడు?" అన్నారు వెనకనుంచి. "గట్టిగా పాడప్పా!" అన్నారు ఇంకొందరు. నేను చలించలేదు. రెండు ముక్కలు పాడి, ఆగి, చిన్న ఊపిరి తీసుకున్నాను. అప్పుడొక పెద్ద గొంతు లేచింది. "పాపం, బిడ్డకు గొంతు పోయిండాది, గమ్మునుండండప్పా!"

అంతే, సంత మొత్తం గమ్మునైంది. వెనకవాళ్ళు చాపలు చుట్టుకుని, చప్పుడు కాకుండా ముందుకు వచ్చి కూర్చున్నారు. ఇంకాస్త ముందుకు. ఏడ్చే పిల్లల నోటికి బొరుగులు అందించారు. రంగస్థలం అంచుకు గడ్డాలు ఆనించి మరీ విన్నారు. నా ఆనందం చెప్పలేను. మనీలా విద్య గెలిచింది అనుకుని కళ్ళు పూర్తిగా మూసేశాను. తెరిచేసరికి అడవి మధ్యలో, నిద్రపోతున్న నా భార్యను దాటుకుని, ఒక అవ్వ నా ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో పొగలు కక్కే చెంబు.

"తాగు నాయనా, మిర్యాల కషాయం."

"నేను రాజునవ్వా. అడవిలో ఉన్నాను" అన్నాను గుసగుసగా.

"అడివిలో ఉంటే ఏమప్పా? రాజుకైనా గొంతు బాగుండల్ల గదా. తాగు, సల్లారిపోతాది."

తాగాను. మంట నెత్తికెక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్యను వదిలివెళ్ళే రాజుకు అంత నిజమైన కన్నీళ్ళు ఏ ఊళ్ళోనూ రాలేదని తర్వాత హార్మోనిస్టు అన్నాడు. పద్యం పూర్తి చేశాను. చప్పట్లు మోగాయి. కుర్రాళ్ళు కొందరు నేను ప్రాణం పెట్టుకుని ఎదురుచూస్తున్న మాట అరిచారు, "వన్స్ మోర్!" అని. వెంటనే జనమంతా వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. "మనుషులేనారా మీరు? రోగంతో ఉండే బిడ్డను మళ్ళీ పాడమంటారా?" కుర్రాళ్ళు సిగ్గుపడి కూర్చున్నారు. "నువ్ పోయి పండుకో నాయనా" అని అవ్వ నన్ను దీవించింది. నా కళ్ళ ముందు మా నాయన వేయించిన పీట కనపడింది.

తెర వెనక్కి పోయి జరీ కోటు విప్పుతున్నాను. మీసాలయ్య వచ్చాడు. వన్స్ మోర్ దక్కలేదని నేనే అనబోయాను. ఆయన చేయెత్తి ఆపాడు. "కుప్పం సంతజనం ఇంత గమ్మున కూసోనుండేది నేను పుట్టి సూడలేదురా. నీకొచ్చిండేది ఏం రోగమో నాకు తెలీదు. దాన్ని మాత్రం మాన్పించుకోవద్దు" అన్నాడు. ఆ క్షణాన ఆయన మీసాలు కూడా నాకు ముద్దొచ్చాయి.

మనీలా దొరకు దండం పెట్టాలని మర్నాడే ఆసుపత్రికి పరిగెత్తాను. జరిగింది సాయిబు ఇంగ్లీషులో చెబుతుంటే దొర ముందు తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు, నర్సమ్మ వచ్చి కసిరేదాకా నవ్వాడు. గట్టిగా పాడితే ఊపిరితిత్తులు చిరుగుతాయని డాక్టరు ఆయనకు ఆంక్ష పెట్టాడట! ఆ మెల్లదనం, ఆ ఆగడం, పక్కటెముకల మీద చేయి, అన్నీ జబ్బు వల్లేనట. నేను పాట అనుకుని దొంగిలించుకుపోయింది ఆయన క్షయ లక్షణాలను. కుప్పం అవ్వ సరిగ్గానే కనిపెట్టింది, నాకే తెలియలేదు.

యుద్ధం ముగిసింది, దొర కోలుకుని బెంగుళూరుకు తిరిగిపోయాడు, ఇంటికి దారి తెరుచుకుంది. బెంగుళూరు నుంచి మద్రాసు రైల్లో పోతున్నానని కబురు పెడితే, నేనూ సాయిబూ పుంగనూరు మీదుగా బస్సులు మారి కుప్పం స్టేషనుకు పోయాం. రైలు ఆగింది. దొర తలుపు దగ్గర నిలబడ్డాడు, ఒళ్ళు చేశాడు. నన్ను చూసి నవ్వి ఏదో అన్నాడు. "డాక్టరు పాడమన్నాడంట భాయ్. ఇప్పుడు విను అంటాండాడు" అన్నాడు సాయిబు. అదే జోలపాట. కానీ ఆ గొంతు! ప్లాట్‌ఫారం చివర ఇడ్లీలమ్మే మనిషి గంప దించి చూశాడు, ఇంజను డ్రైవరు తల బయట పెట్టాడు. రైలు కదిలి మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది. గొప్ప పాట, ఒప్పుకుంటాను. మా మీసాలయ్య అయితే అప్పటికప్పుడు కాళ్ళ మీద పడేవాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు రాలేదు.

ఆ తర్వాత ఆయన సంగతి ఏమీ తెలియలేదు. అమ్మ గుమ్మం దగ్గర ఎదురొచ్చిందనీ, ఆ దేశం ఆయన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకుందనీ నేనే అనుకుని, అదే నిజమని నమ్ముతూ వచ్చాను. వాళ్ళందరూ విన్నది ఆ పెద్ద గొంతునే. ఆయన చిన్న గొంతు విన్నది లోకం మొత్తం మీద మదనపల్లె వరండాలో కొందరు రోగులు, ఒక దర్జీ, నేను. ఆ కాస్త గొంతే నన్ను జన్మంతా రంగస్థలం మీద నిలబెట్టి అన్నం పెట్టింది. ఇప్పుడు వయసు మీదపడి, చేయి దానంతటదే పక్కటెముకల మీదికి పోతోంది, రెండు ముక్కలకొకసారి ఆగక తప్పడం లేదు. నిన్న మనవరాలిని జోకొడుతూ మెల్లగా పాడుతుంటే నాకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళకు, ఏ నటనా లేకుండా, అచ్చం దొర పాడినట్టే పాడుతున్నాను.