అత్త వదిలిన తల్లివేరు

మొన్న జనగామలో మందుల దుకాణానికి పోతే, అద్దాల బీరువాలో సుగంధిపాల సీసా కనబడింది. దాని మీద మూడు దేశాల భాషల్లో రాసి ఉంది. ఒక్కసారి మూత తీసి వాసన చూపించమ్మా అంటే దుకాణంలోని అమ్మాయి నవ్వింది గాని, నా ఆరాటం ఆమెకెలా తెలుస్తుంది?

మన ఈడువాళ్లకు సుగంధిపాల అంటే ఎండాకాలం కుండనీళ్లలో నానేసిన వేళ్లే కదా. మా ఇంటికి ఆ వేళ్లను కాటారం నుంచి మేనత్త పంపేది. అడవి అంచున తీగ కనబడితే పక్కవేళ్లు రెండు మూడు తీసుకుని, తల్లివేరును వదిలేసి, మన్ను కప్పి, తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్లలో సగం అక్కడ పోసి వచ్చేది. ఎండలో దాహంతో తిరిగే మనిషి తీగకు నీళ్లు పోయడమేమిటని నేను ఆటపట్టించేవాణ్ణి.

తర్వాత నాకు కేసముద్రంలో, వేళ్లూ కాయలూ కొని పై దేశాల మందుల కంపెనీలకు పంపే ఒక వ్యాపారి దగ్గర పని దొరికింది. ఆయన లారీ నిండా సుగంధిపాల కావాలనేసరికి, నేను హుషారుగా కాటారం వెళ్లి, అత్తనూ ఆమె వెంట అడవికి పోయే ఆడవాళ్లనూ తీగలన్నీ వేళ్లతో సహా పెకిలించమన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"తల్లివేరు గుంజితే మళ్ల యాడికెల్లి మొలుస్తది అల్లుడా? జర ఆగు."

ఆగలేదు. మిగతావాళ్లను మాటలతో ఒప్పించి, వాళ్లు వేళ్లకు పోయే గుట్టంతా తవ్వించాను. లారీ నిండింది, వ్యాపారి భుజం తట్టాడు. మరుసటి ఏడు ఆ గుట్ట మీద తీగన్నదే లేదు. ఎండాకాలమంతా ఆ వేళ్లమ్ముకుని ఇల్లు గడుపుకునే ఆడవాళ్లు ఖాళీ సంచులతో దిగివస్తుంటే, సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అత్త నన్ను తిట్టలేదు. తన ఇంటి దడి వెంట పెంచుకున్న తీగల వేళ్లను ముక్కలు చేసి, తడిగుడ్డలో చుట్టి, వానలు పడగానే ఆ ఆడవాళ్లతోపాటు నన్నూ గుట్టకు తీసుకెళ్లింది.

"నీ చేత్తోనె పాయె గద, నీ చేత్తోనె నాటు."

మూడేళ్లు ఎవరినీ వాటి మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆ తర్వాత కూడా పక్కవేళ్లే తీయించింది. ఆడవాళ్లకు మళ్లీ పని దొరికింది, నాకు మళ్లీ తలెత్తుకునే ముఖం దొరికింది. ఆ వ్యాపారంలోనే నా తల నెరిసింది గాని, ఎంత గిరాకీ వచ్చినా తల్లివేరు మాత్రం కొనలేదు. ఆమె రుణం ఈ జన్మలో తీరేది కాదు.

మన వేరు సముద్రాలు దాటుతున్నదంటే నాకు గర్వమే. కాకపోతే ఎంత కావాలో కొనేవాళ్లు ఎక్కడినుంచో ఫోనులో చెబుతున్నారు, ఇక్కడి కుర్రాళ్లు అచ్చం నాలాగే హుషారుగా అడవికి పరుగెడుతున్నారు. నాకు మా అత్త అడ్డం నిలబడింది, వాళ్లకెవరున్నారు?