సగం మెరిసిన ట్యాంకు

చూపు మందగించిందని డాక్టరు రాసిచ్చాక నా లైసెన్సు రెన్యువల్ చేయలేదు. లారీని చిక్కబళ్ళాపురంలో ఒకరికి అమ్మేసి, బాగేపల్లిలో ఇంటిపట్టున ఉండిపోయాను. అప్పటికి నా భార్య పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. రోడ్డు మీద తిరిగినన్నాళ్ళు ఇల్లు అంత ఖాళీగా ఉందన్న సంగతి నాకు సరిగా తెలియలేదు.

ఆ లారీకి అల్యూమినియం డీజిల్ ట్యాంకు ఉండేది. ఎండకూ వానకూ నెల తిరిగేసరికి మసకబారిపోయేది. ప్రతి అమావాస్యకూ లారీ కడిగి పూజ చేసేముందు దాన్ని పట్టుకుని కూర్చునేవాణ్ణి. ముందు సబ్బునీళ్ళతో కడగాలి. నీళ్ళు చల్లుకుంటూ గరుకు వాటర్‌పేపరుతో రుద్దాలి, తర్వాత నున్నటిదానితో. ఆఖర్న పాలిష్ రాసి గుడ్డతో తిప్పుతూ ఉంటే గుడ్డ మసిలా నల్లబడుతుంది. ఆ నలుపు దిగేకొద్దీ తెలుపు తేలుతుంది. సాయంత్రానికి దాంట్లో చూసుకుని మీసం దిద్దుకోవచ్చు.

నా భార్య కాఫీ తెచ్చి పక్కన నిలబడేది.

“నా మొగం ఎప్పుడన్నా ఇంతసేపు చూసినావా?” అని ఒకసారి అడిగింది.

నవ్వాను. గుడ్డ తిప్పుతూనే ఉన్నాను.

పోయిన వేసవిలో కెంచార్లహళ్ళికి ఒక బంధువు కర్మకు వెళ్ళి, తిరిగొస్తూ బస్సు మారడానికి చింతామణిలో దిగాను. టమాటా మార్కెట్ పక్కన నా లారీ నిలబడి ఉంది. నంబరు చదవక్కర్లేదు, క్యాబిన్ మీది పసుపు పట్టీ నేను దగ్గరుండి వేయించిందే. దగ్గరికి వెళ్ళి ట్యాంకు చూశాను. బూడిద పూసినట్టుంది. మట్టి మీద మట్టి గడ్డకట్టి ఉంది. డ్రైవరు లేడు. ఎదురుగా హార్డ్‌వేర్ అంగడిలో వాటర్‌పేపర్లు, పాలిష్ డబ్బా కొని, తువ్వాలు తడుపుకొచ్చి ట్యాంకు ముందు చతికిలబడ్డాను. ఎవరినైనా అడగాలని కూడా తోచలేదు.

అరచెయ్యంత మేర తెల్లబడేసరికి వెనకనుంచి ఎవరో నా భుజం పట్టి లాగారు.

“టాంకు కాడ ఏం చేస్తాండావప్పా? డీజిలు దొంగలించేకి వచ్చినావా? పైపు యాడ పెట్టినావు?”

ముప్పై ఏళ్ళుంటాయి, డ్రైవరని చూస్తేనే తెలుస్తోంది. హమాలీలు నలుగురు మూగారు. ఒకడు నా సంచి నేల మీద దులిపాడు. మందుబిళ్ళలూ, కర్మ ఇంట్లో కట్టిచ్చిన వడలూ పడ్డాయి. పైపు లేదు.

నా నల్లటి చేతులు చూపించాను. “తుడుస్తాండానప్పా. ఇది ముందర నా బండి.”

“నీదని నాకెట్ల తెల్సేది?”

“మూడో గేరు ఒక్కసారికి పడదు. క్లచ్ రెండుసార్లు తొక్కాల.”

భుజం మీద అతని పట్టు వదులైంది. “అవునప్పా, రెండుసార్లు తొక్కాల్సిందే,” అన్నాడు. హమాలీలు నవ్వుకుంటూ పోయారు. అతనే వంగి మందుబిళ్ళలు ఏరి సంచిలో వేశాడు.

“లోడయ్యేకి గంట పడతాది. అంతవరకూ చేసుకో.”

కాసేపు నా పక్కనే కూర్చున్నాడు. అడ్డంగా రుద్దిన చోట మళ్ళీ నిలువుగా రుద్దితే గీతలు పోతాయని చూపించాను. గుడ్డ తీసుకుని తనూ నాలుగుసార్లు రుద్దాడు. ఎన్నాళ్ళకో నా మాట ఒకరు శ్రద్ధగా వింటుంటే నాకు మాటలు ఆగలేదు. ఇంతలో ఫోను మోగింది. ఇంటినుంచి కాబోలు, మెత్తగా మాట్లాడుతూ అవతలికి నడిచాడు. “ఎవురో పెద్దాయన. ముందర ఈ బండి ఆయనదేనంట,” అనడం వినబడింది.

లోడింగు అయిపోయేటప్పటికి నా పని సగమే అయింది.

“మిగతాది నువ్వు చెయ్యి. డబ్బా పెట్టుకో,” అన్నాను.

“నాకు టైము యాడుండాది పెద్దాయనా?” అన్నాడు. విసుగేం లేదు ఆ మాటలో, ఉన్న సంగతి చెప్పాడు. అయినా డబ్బా తీసుకున్నాడు. లారీ మలుపు తిరిగేటప్పుడు ట్యాంకు ముందు సగం ఎండకు తళుక్కుమంది.

బస్సులో నా పక్కన కూర్చోబోయినామె నా చేతులు చూసి ముందు సీటుకు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి కిరసనాయిలుతో కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు నాలుగు రోజులుంది. ఏమైందని అడిగితే అంతా చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

మరుసటి వారం, ఏ పనీ లేకుండానే మళ్ళీ చింతామణి వెళ్ళాను. లారీ లేదు. ఆ రోజు నా సంచి దులిపిన హమాలీ నన్ను గుర్తుపట్టాడు.

“ఆ బండి నాగపూర్ లైనుకు పోతాండాదప్పా. ఇంక ఇట్లా రాదు. నువ్వేం పనిమీద వస్తివి?”

“ఊరికే,” అన్నాను.

టీ తెప్పించాడు. నేను తాగేంతసేపూ పక్కనే నిలబడ్డాడు. అంతలో ఎవరో కేకేస్తే తలగుడ్డ బిగించుకుని పనిలోకి వెళ్ళాడు. బాగేపల్లి బస్సుకు ఇంకా గంట ఉంది.